గెట్టీ నిష్కాసనము: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

మూలము:

పోర్టు విడువఁ జెప్పి పొమ్మను గెట్టీని
మౌసు నెంచి సీడి మార్గమందు
మూడు వందలేబదేడును జేర్చుము
కార్డు పలుకుటపుడు గానవచ్చు

ప్రతిపదార్థము: 'ఓ డ్రీంబాక్సు (లినక్సు నడుచు శాటిలైట్ టీవీ పెట్టె) యజమానీ' యని సంబోధనము అధ్యాహార్యము. గెట్టీని = సీరియల్ వాకిటఁ గూర్చుండి లాగిన్ అడుగు ప్రోగ్రామును; పోర్టు విడువఁ జెప్పి = టీటీవైఎస్0 వదలుమని చెప్పి; పొమ్మను = ఇనిట్‌ట్యాబ్ ఫైలులో దాని పంక్తికి ముందు హ్యాష్ గుర్తు పెట్టి సాగనంపుము; మౌసు నెంచి = స్మార్ట్‌కార్డును జదువు ఆస్కామ్ అను ప్రోగ్రాము అమరికలలో రీడరు విభాగమున ప్రోటోకాల్ మౌస్ అని వ్రాసి; సీడి మార్గమందు = కార్డు దూర్చినదీ లేనిదీ తెలుపుటకు క్యారియర్ డిటెక్ట్ తీగను ఎంచి; మూడు వందలేబదేడును = 3.57 మెగాహెర్ట్జ్ క్లాకును దెలుపు 357 అను సంఖ్యను; జేర్చుము = ఆ విభాగముననే వ్రాయుము; అపుడు = ఆ మీఁదట; కార్డు పలుకుట = ఏటీఆర్ అను దాని తొలి పలుకు; కానవచ్చు = లాగులో కనఁబడును.

తాత్పర్యము: స్పష్టము.

విశేషములు: స్పష్టమైనచో ఇంకేమి మిగిలినదందురా? గెట్టీ మిగిలినది. వ్యాఖ్యాతలందఱు మూఁడవ పాదము కడనే చెమటోడ్తురు. అందేమున్నది? కార్డు తొలుత 372 క్లాకు పల్సులకొక బిట్టు చొప్పున పలుకును. క్లాకును దానిచే భాగించినచో ఇంచుమించు 9600 బాడ్. పసివాఁడును జేయు లెక్క. చిక్కంతయు మొదటి పాదమున నున్నది. కవి గెట్టీని ముందుగాఁ బంపివేయుటయే ఇచటి ఔచిత్యము. పంపనిచో నేమగును? కార్డు 3బి వంటి బైటుతో మొదలిడి తన పలుకు పలుకఁగా, గెట్టీ దానినెవరో మనుష్యుని పేరనుకొని లాగిన్ ప్రోగ్రాముచేఁ బాస్‌వర్డు అడిగించును! స్మార్ట్‌కార్డుల ప్రమాణమగు ఐఎస్ఓ 7816 తప్ప వేఱు భాష నెఱుఁగని కార్డు బిత్తరపోవును. వచ్చిన బైట్లలోఁ గొన్ని గెట్టీ నోటఁబడును, కొన్ని ఆస్కామ్‌కుఁ జేరును. యజమాని పాపమెఱుఁగని కార్డును చొక్కా అంచుతోఁ దుడిచి తుడిచి మఱల దూర్చును.

పాఠాంతరము: రీడరు జంపరు 6 మెగాహెర్ట్జ్ కడ నున్న యిండ్లలో 'ఆఱు వందలు' అని పాఠము. బాడ్ 16,129 అగును. యతి చెడును గాని కార్డు పలుకును, కావున గ్రాహ్యము.

ఆక్షేపము: కేబులులో మూఁడే తీగలున్నవారి గతియేమి? వారికీ పద్యము వర్తింపదు. సీడీ తీగయు లేదు, కార్డును రీసెట్ చేయు ఆర్టీఎస్ తీగయు లేదు. వారు యూఎస్‌బీ రీడరు కొని, టీటీవైయూఎస్‌బీ0 పైని వేఱొక పద్యము చెప్పుకొందురు గాక.