ఎక్కినవాడు ఏం చేస్తాడు?

కంప్యూటర్ కొనడానికి నాన్న ఇచ్చినవి మిర్చి డబ్బులు. 2019 వేసవిలో గుంటూరు యార్డులో టిక్కీలు కాటా వేయించి వచ్చిన రాత్రి, అన్నం తింటూ "ఎంత కావాలిరా?" అని అడిగాడు. లక్షా నలభై వేలన్నాను. ఎందుకని అడగలేదు. ఇంజనీరింగ్ చదివినవాడికి తెలిసే ఉంటుందనుకున్నాడు. ఆ డబ్బుతో రెండేళ్ళు నేనేం చేశానో ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. వీడియో గేములు చెయ్యాలనుకునే పిల్లలు ఈమధ్య నన్ను కలిసి, "అన్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. వాళ్ళకు సలహా చెప్పే ముందు నేనెక్కడ మొదలుపెట్టానో ఒప్పుకోవాలి.

నేను పల్నాటి యుద్ధంతో మొదలుపెట్టాను. మాది కారెంపూడికి దగ్గరి పల్లె. ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలకు నాన్న భుజాలమీద కూర్చుని వెళ్ళినవాణ్ణి. నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, గురజాల, మాచర్ల అన్నీ ఒకే ఆటలోకి రావాలి. ఆడేవాడు నాగులేటి ఒడ్డున ఎటు కావాలంటే అటు వెళ్ళాలి, ఏ ఇంటి తలుపైనా తట్టగలగాలి. పెద్ద కంపెనీల్లో వందలమంది ఏళ్ళ తరబడి చేసిన ఆటలు ఆడీ ఆడీ, ఆటంటే అంతుండాలని నా కళ్ళకు అలవాటైపోయింది. నేను ఒక్కణ్ణి, అప్పటికి ఒక్క ఆట కూడా పూర్తి చేసినవాణ్ణి కాదు.

ఏడు నెలలు నేల చేశాను. కొండలు, నాపరాళ్ళ గట్లు, ఏటి నీళ్ళమీద సాయంత్రపు ఎండ. ఆ నీళ్ళు మెరవడానికే నెల పట్టింది. తర్వాత ఎక్సెల్ షీటులో 42 రకాల ఆయుధాల జాబితా రాశాను. పేరు, బరువు, పదును, ధర అన్నీ ఉన్నాయి. కత్తి దూసే మీట మాత్రం లేదు. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో మొదలుపెట్టి, బొమ్మ ఇంకా బాగా రావాలని అన్‌రియల్‌కు మారి, నా కంప్యూటర్ ఆ బరువు మొయ్యడం లేదని మళ్ళీ యూనిటీకి వచ్చాను. మారిన ప్రతిసారీ రెండు నెలలపాటు పాత పనే కొత్తగా చేశాను. రోజూ పన్నెండు గంటలు కూర్చున్నాను కాబట్టి పని జరుగుతోందని నమ్మి నిద్రపోయాను.

ఆ రోజుల్లో నాకు దేవుడు ఎరిక్ బరోన్. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం ఆటను ఈ అమెరికన్ కుర్రాడు నాలుగేళ్ళకు పైగా కష్టపడి ఒక్కడే చేశాడు. కోడు, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ తనవే. నేను ఆ "ఒక్కడే" అన్న మాటను పట్టుకున్నాను. అతను కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం దొరక్క, చెయ్యి తిరగడానికని దాన్ని చిన్న ఆటగానే మొదలుపెట్టాడు. ఆ ఏళ్ళలో సాయంత్రాలు ఒక థియేటర్లో పనిచేశాడు. ఇవన్నీ చదివాను, చదివీ దాటేశాను. మనకు నచ్చిన ముక్క ఒక్కటే ఏరుకుంటే ఎవరి జీవితమైనా మన మూర్ఖత్వానికి సాక్ష్యం చెబుతుంది.

బొమ్మలు వేసింది నా స్నేహితుడు. కాలేజీలో నా పక్క బెంచీ. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి పదింటి తర్వాత నాకోసం గుర్రం గీసేవాడు. నడక, దౌడు, నిలబడి తోక ఆడించడం, దాహమేసి తల వంచడం, మొత్తం 63 బొమ్మలు. రూపాయి ఇవ్వలేదు. "రిలీజయ్యాక సగం నీది" అన్నాను. ఏ తారీఖున రిలీజో నేను చెప్పలేదు, వాడూ అడగలేదు.

పద్నాలుగో నెలలో ఒకరోజు తన లాప్‌టాప్ తెచ్చి, "ఏదీ, దీంట్లో ఓసారి వెయ్యి" అన్నాడు. ఇంకో మిషన్ మీద ఆ ఆట నడవడం అదే మొదటిసారి. నా దగ్గర దౌడు తీసే గుర్రం అక్కడ కాళ్ళు ఈడ్చింది. ఫ్రేముకు ఇంత దూరం కదలాలని కోడు రాశాను. నా కంప్యూటర్ సెకనుకు 60 ఫ్రేములు గీస్తోంది, వాడిది 30. అందుకే అక్కడ గుర్రం వేగం సగమైపోయింది. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య ఎంత కాలం గడిచిందో చూసి, దాంతో వేగాన్ని గుణించాలి. డెల్టా టైమ్ అంటారు దాన్ని. తొలి పాఠాల్లోనే ఉండే సంగతి. ఎవరికీ చూపించకుండా దాచుకున్నందుకు నాకది పద్నాలుగు నెలలకు తెలిసింది.

వాడు వేగం సంగతి పట్టించుకోలేదు. ఏటి ఒడ్డున కాసేపు తిప్పి, కీబోర్డు మీంచి చెయ్యి తీసి అడిగాడు:

"మామా, గుర్రం బాగుంది. ఎక్కినవాడు ఏం చేస్తాడు?"

నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పడం చేతగాక "గేముల గురించి నీకేం తెలుసురా" అన్నాను. ఇంకా కొన్ని మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను. వాడు లాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఛార్జర్ గోడకే ఉండిపోయింది. దానికోసం కూడా మళ్ళీ రాలేదు.

ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలని పెద్దవాళ్ళకు ముందే తెలుసు. 1996లో వచ్చిన సూపర్ మారియో 64 చేసేటప్పుడు, షిగేరు మియమోతో బృందం లోకాలు కట్టడానికి ముందే ఒక చిన్న గదిలాంటి చోట మారియోను పరుగెత్తించి, కుందేలును తరిమి పట్టించి చూసుకుంది. కోటలు, కొండలు ఆ పరుగు కుదిరాక వచ్చినవే. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ రాసిన మిషన్‌కు గ్రాఫిక్సే లేవు. రాతలో వాడే బ్రాకెట్లను పక్కపక్కన పెట్టి దిమ్మెలు చేశాడు. ఆ బ్రాకెట్లు పడుతుంటేనే మనుషులు లేవకుండా ఆడారు. 1972లో అటారీలో కొత్తగా చేరిన ఆలన్ ఆల్కార్న్‌కు చెయ్యి సాధనకని అప్పగించిన పని పాంగ్ అయింది. రెండు గీతలు, ఒక చుక్క, పైన లెక్క, అంతే. నా 42 ఆయుధాల్లో ఒక్కటీ ఆ చుక్క చేసిన పని చెయ్యలేదు.

ఇంకా నొప్పి కలిగించేది మా ఊరి సంగతే. కారెంపూడి ఉత్సవాలు ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అంత పెద్ద కథను మావాళ్ళు రోజుకో ఘట్టంగా విడదీసుకున్నారు. ఆ పూట చూసేవాడికి ఆ ఒక్కటే పూర్తి కథ. చిన్నప్పటినుంచీ కళ్ళారా చూస్తూ కూడా, ఐదు రోజుల్నీ ఒకే రాత్రిలో కుక్కాలని కూర్చున్నాను.

2021లో డబ్బయిపోయి ఇంటికి వెళ్ళాను. గుడి మండపంలో రాతిమీద చెక్కిన పులిజూదం గీతల దగ్గర నాన్న గులకరాళ్ళతో ఆడుతున్నాడు. మా ఊళ్ళో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీంచి దూకి చంపుతుంది, మేకలు పులిని కదలకుండా బంధిస్తాయి. కొత్తగా కనిపెట్టాల్సిన రూలు ఒక్కటీ లేదు, నేర్చుకోవాల్సింది చెయ్యడం ఒక్కటే. గోడో అనే ఉచిత ఇంజిన్‌లో ఐదు వారాల్లో దాన్ని ఫోన్లోకి తెచ్చాను. పులులు నారింజ చుక్కలు, మేకలు తెల్ల చుక్కలు.

అరుగుమీద కూర్చోబెట్టి నాన్న చేతికిచ్చాను. పులిమీద వేలు ఆనించి పక్క గడిదాకా జరిపాడు. కదల్లేదు. మళ్ళీ జరిపాడు. "పని చెయ్యట్లేదురా ఫోను" అన్నాడు. నా కోడుకు పులిని ఒకసారి నొక్కి, గడిని ఒకసారి నొక్కితేనే తెలుస్తుంది. యాభై ఏళ్ళుగా రాయిని వేలితో జరిపిన మనిషి నొక్కుతాడా? "అలా కాదు నాన్నా" అనబోయి ఆగాను. ఆ రాత్రే మార్చాను. మర్నాడు మేకల పక్షం తీసుకుని, పులి ఎదుట ఒక మేకను ఎరవేసి, తినడానికి వచ్చిన దాన్ని మూలకు నెట్టి బంధించాడు. మూడుసార్లూ అంతే. "నీ పులికి ఓపిక లేదురా" అన్నాడు. దొరికిన మేకనల్లా తినమని రాసింది నేనే. తిన్నాక పులికి కదలడానికి ఎన్ని దారులు మిగులుతాయో ముందు లెక్కపెట్టుకోమని తిరగరాశాను. రెండేళ్ళలో నేర్చుకోనిది అరుగుమీద రెండు రోజుల్లో నేర్చుకున్నాను.

అందుకే అడిగిన పిల్లలకు చెబుతున్నాను. ఇంజిన్ ఏదైనా ఒకటే, చేతికి దొరికింది తీసుకుని ఏడాదిపాటు మార్చకండి. మొదటి ఆట నెలలో ముగియాలి. ముగియడమంటే మొదలయ్యే తెర, ఓటమి, గెలుపు, మళ్ళీ ఆడే మీట అన్నీ ఉండి పక్కవాడి ఫోన్లో నడవడం. బొమ్మలకు బదులు గళ్ళూ చుక్కలూ పెట్టి ఆడించి చూడండి, అప్పుడు కూడా ఇంకోసారి ఆడాలనిపిస్తేనే బొమ్మల దాకా వెళ్ళండి. 48 గంటల్లో ఆట చేసే లూడమ్ డేర్ లాంటి పోటీల్లో పాల్గొనండి. 2018లో పేరు తెచ్చుకున్న సెలెస్ట్‌కు మొదటి రూపం ఇద్దరు కలిసి 2015లో నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఆట. ఎవరైనా మీ ఆట ఆడుతుంటే మాట్లాడకండి, వాళ్ళ వేలు ఎక్కడ తడబడుతోందో చూస్తూ రాసుకోండి. ఉద్యోగం ఉంటే వదలకండి. నాన్న పొలంమీద డబ్బు తీసుకుంటే, నెలకోసారైనా తెర తెరిచి ఆయనకు చూపించండి. నేను చూపించలేదు.

పోయినేడు ఛార్జర్ పట్టుకుని స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. తప్పయిందిరా అన్నాను. టీ ఇచ్చాడు, ఆఫీసు కబుర్లు చెప్పాడు, గుర్రం మాట ఎత్తలేదు. ఆ 63 బొమ్మలు ఇప్పటికీ నా డిస్కులో వాడి పేరున్న ఫోల్డర్లో ఉన్నాయి, ఒక్కటీ ఏ ఆటలోకీ రాలేదు. మీకోసం రాత్రులు మేలుకుని బొమ్మలు వేసే స్నేహితుడు ఎవరైనా ఉంటే, వాడి బొమ్మ ఏ తారీఖున తెరమీదికి వస్తుందో మొదటిరోజే చెప్పండి. ఆ తారీఖుకు సరిపోయేంత చిన్న ఆటే మొదలుపెట్టండి.