గ్రే స్ట్రీట్ పుస్తకాన్ని, నూజివీడులో ఉంటున్నాను

నేనొక పుస్తకాన్ని. పేరు ‘ఫుట్‌ప్రింట్స్ ఇన్ గ్రే స్ట్రీట్’. 2002లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అచ్చయ్యాను. నన్ను రాసినావిడ ఫిలిస్ నాయుడు. ఇప్పుడు నా మకాం నూజివీడులో, ఒక ప్లీడరుగారింట్లో. నా బీరువా ఉన్న గదిలోనే ఏటా వేసవిలో వరిగడ్డి పరిచి రసం మామిడికాయలు మాగవేస్తారు. ఆ వాసన నా కాగితాలకు పట్టేసింది. ఒక పేజీ అంచున చిన్నరసం మరక కూడా ఉంది. ప్లీడరుగారు చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండా నన్ను తెరిచిన రోజుదది. ఆ పేజీ పక్కదానికి అతుక్కుపోతే, చిరగకుండా పోస్టుకార్డు అంచుతో మెల్లగా విడదీశారాయన.

నన్నిక్కడికి తెచ్చింది డర్బన్‌లో స్థిరపడిన ఒక తెలుగాయన. ముత్తాత ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా లక్షన్నర మందిని చెరుకు తోటలకీ, ఇతర పనులకీ ఒప్పంద కూలీలుగా తీసుకెళ్లారు. మన తెలుగు జిల్లాల వాళ్లు అందులో చాలామంది. ఓడల పట్టీల్లో మనిషికో నంబరు. దాని పక్కన తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చ. ఆయన తెచ్చిన ముత్తాత పట్టీ నకలులో జిల్లా కృష్ణా అని తెలుస్తోంది గానీ, ఊరి పేరు గుమాస్తా రాతలో రూపం మారిపోయింది. ప్లీడరుగారు ఆయన్ని వెంటబెట్టుకుని ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు తిరిగారు. ఊరు తేలలేదు. వెళ్తూ వెళ్తూ నన్ను ప్లీడరుగారి చేతిలో పెట్టాడు.

గ్రే స్ట్రీట్ అంటే డర్బన్‌లో భారతీయుల దుకాణాలూ ఆఫీసులూ ఉన్న పేట. అక్కడ తిరిగి, వర్ణవివక్ష ప్రభుత్వంతో తలపడిన మనుషుల కథలు నా నిండా ఉన్నాయి. రాసినావిడ ఎప్పుడూ పక్కవాళ్ల పేర్లే రాసింది. అందుకే ఆమె సంగతి నేను చెప్పాలి.

ఫిలిస్ 1928లో నటాల్‌లోని ఎస్ట్‌కోర్టులో పుట్టింది. కొన్నాళ్లు టీచరుగా పనిచేసింది. 1956 డిసెంబరులో ప్రభుత్వం 156 మందిని రాజద్రోహం కేసులో పట్టుకుపోతే, వాళ్ల కుటుంబాల కోసం చందాలు పోగుచేసింది. 1958లో ఎం.డి. నాయుడుని పెళ్లాడింది. 1966లో ఆమె మీద నిషేధపు ఉత్తర్వు పడింది.

ఆ ఉత్తర్వు ఎలాంటిదో చెప్తాను, ఎందుకంటే అది నేరుగా నాలాంటి వాళ్ల మీద దెబ్బ. నిషేధంలో ఉన్న మనిషి ఒకేసారి ఒకరికి మించి కలవకూడదు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. అన్నిటికన్నా ఘోరం, ఆ మనిషి మాటని ఎవరూ అచ్చువేయకూడదు. ఆమె అన్నదిదీ అని ఇంకొకరు రాసినా నేరమే. ఆ చట్టం అలాగే నిలిచి ఉంటే నేను పుట్టేదాన్నే కాదు.

పదేళ్ల నిషేధం, అందులో ఐదేళ్లు గృహనిర్బంధం. భర్త రాబెన్ దీవి జైల్లో. ఇంట్లో పిల్లలు. ఆ నాలుగు గోడల మధ్యే తనను కట్టిపడేసిన చట్టాన్ని పట్టుదలగా చదివింది. 1973లో న్యాయవాదిగా నమోదైంది. నా దృష్టిలో ఆమె జీవితంలో అంతకు మించిన ఘట్టం లేదు.

1977 జులైలో దేశం విడిచి లెసోతో చేరింది. చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉన్న చిన్న కొండల దేశమది. శత్రువు గుమ్మం ముందే ఆశ్రయం. 1979లో అక్కడికి పార్శిల్లో బాంబు వచ్చింది. ఆమె గాయపడింది, పక్కనున్న ఫాదర్ జాన్ ఆస్మర్స్ చెయ్యి పోయింది. 1982 డిసెంబరులో దక్షిణాఫ్రికా సైన్యం రాజధాని మసేరు మీదికొచ్చి 42 మందిని చంపింది. ఆ మరుసటి ఏడాది ఆమె జింబాబ్వేకి మారి, అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించింది. 1989లో కొడుకు సాధన్‌ని జాంబియాలో హత్యచేశారు. 1990లో స్వదేశం తిరిగొచ్చింది. ప్రిటోరియా జైల్లో ఉరికోసం ఎదురుచూస్తున్న ఖైదీల గురించి రాసిన పుస్తకం నాకు అక్క. 2003లో లుతూలి పురస్కారం అందుకుంది. 2013 ఫిబ్రవరి 13న డర్బన్‌లో కన్నుమూసింది.

ప్లీడరుగారు ఎప్పుడు ఆమె గురించి చెప్పినా 1977 దగ్గర ఆగిపోతారు. ఆ ఏడు మార్చిలోనే మన దగ్గర ఎమర్జెన్సీ ఎత్తేశారు. అప్పటికి ఆయన నల్లకోటు కొత్తది.

“మీసా చట్టం కింద పట్టుకెళ్లిన వాళ్ల కోసం హెబియస్ కార్పస్ వేద్దామంటే, కుదరదంది సుప్రీంకోర్టు. 1976 ఏప్రిల్ 28. ఐదుగురు జడ్జీల్లో ఒక్క జస్టిస్ ఖన్నాగారే కాదన్నారు,” అన్నారు మనవరాలితో. ఆ పిల్ల లా చదువుతోంది. మామిడి కోతలకి సాయంగా ఇంటికొచ్చింది. పొద్దున్నే తోటలో చిక్కాలతో కాయ దింపించి, గుత్తదారుతో లెక్క చూసుకుని, ఎండ ముదిరాక నన్ను పట్టుకుని కూర్చుంటుంది.

“మరి ఈవిడ పారిపోవడం తప్పు కాదా తాతయ్యా? అక్కడే ఉండి వాదించొచ్చుగా?”

“ఉంటే మళ్లీ నోరు కట్టేసేవాళ్లే తల్లీ. అవతలికెళ్లింది కాబట్టే పిల్లలకి లా చెప్పగలిగింది, చచ్చిపోయినవాళ్ల పేర్లు రాసి పెట్టగలిగింది. పారిపోవడం అనకు.”

ప్లీడరుగారి మాటే నా మాట. ప్రాణం దక్కించుకోవడానికి గడప దాటిన మనిషి బాకీ అంతా తీర్చింది. ఆ బాకీ తీర్చిన చీటీల్లో నేనూ ఒకదాన్ని.

మనవరాలు నాలోంచి ఒక మనిషి కథ తీసుకుని కాలేజీ పత్రిక కోసం తెలుగులోకి మార్చడం మొదలుపెట్టింది. మొదటి పేరా చదివి ప్లీడరుగారు కళ్లద్దాలు తీశారు. “ఇది వకాల్తా రాసినట్టుంది. ఆవిడ మనుషుల గురించి రాసింది, నువ్వూ మనుషులు మాట్లాడుకునే తెలుగు రాయి,” అన్నారు. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. కాగితం కొట్టేసి, ఇంకోటి తీసుకుంది.