స్తంభం చాలదట!

హిరణ్యకశిపుడికి ఒక్క స్తంభం చాలింది. మన సెల్ కంపెనీలకు దేశమంతా టవర్ స్తంభాలున్నా చాలడం లేదు. ప్రతి ఫోన్‌లో ఉపగ్రహ లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలట, ఆపుకునే వీలు మనకు ఉండకూడదట. వాళ్ల సంఘం విన్నపాన్ని కేంద్రం ‘పరిశీలిస్తున్నట్టు’ 2025 డిసెంబరులో వార్త. అదీ ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ యాప్ ఉండాలన్న ఆదేశాన్ని వెనక్కి తీసుకున్న వారంలోనే!

ప్రభువుల బాధా అర్థం చేసుకోవాలి. ‘ఎక్కడ వాడు?’ అని గద్దిస్తే స్తంభం ఏం చెబుతుంది? ‘నా చుట్టుపక్కలే ఉన్నాడు దేవరా’ అంటుంది. చుట్టుపక్కలంటే పట్నంలో వందల మీటర్లు, పల్లెలో కిలోమీటర్లు. మూడు స్తంభాలను కలిపి నిలదీసినా, సిగ్నల్ ఎంత సేపట్లో చేరిందో లెక్కగట్టి పేట చూపిస్తాయే తప్ప వాకిలి చూపించలేవు. ఉపగ్రహానికి టవర్ సాయం తోడైతే మీటరు దాకా రావచ్చని ఆశ.

కిటుకంతా ఆ మీటరులోనే ఉంది. హిరణ్యకశిపుడి వరం గుర్తుందిగా? ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు. మిగిలింది గడప. మరి పౌరుడు గడపకు ఇవతలున్నాడా, అవతలున్నాడా, సరిగ్గా దాని మీదే కూర్చుని గోళ్లు పెంచుకుంటున్నాడా అన్నది తేలొద్దూ? అసురసంధ్య వేళ గడప మీద ఫోన్ కనబడిందా, కొలువులో గంట మోగాల్సిందే. గోళ్ల పొడవు కొలిచి పంపే చిప్ కూడా త్వరలోనే అడుగుతారు, చూస్తూ ఉండండి.

మన లొకేషన్ తీస్తున్నారని తెర మీద వచ్చే హెచ్చరిక కూడా ఉండొద్దట. తెలిస్తే వాడు జాగ్రత్తపడతాడట. పాపం, హిరణ్యకశిపుడు అమాయకుడు. నిండు సభలో అరిచి మరీ వెతికాడు.

నేరగాళ్ల కోసమే అంటారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ముక్తకంఠంతో చెప్పిన మాట కాసేపు పక్కన పెడదాం. మీ మాటే నిజమనుకుందాం. 2019 నవంబరు, శంషాబాద్, అత్యాచారం చేసి చంపేసిన ‘దిశ’ ఘటన. తానెక్కడుందో ఆ అమ్మాయే ఫోన్ చేసి చెల్లెలికి చెప్పింది, టోల్‌గేట్ దగ్గరని. ఏ ఉపగ్రహమూ అక్కర్లేకపోయింది. ఇంటివాళ్లు స్టేషన్‌కు పరుగెత్తితే ‘ఇది మా పరిధి కాదు’ అన్నారని ఆ కుటుంబం వాపోయింది. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు, అప్పటికే అంతా అయిపోయాక. నోటితో చెప్పిన చోటికే జీపు కదలని రాజ్యానికి, నేను ఏ గదిలో పడుకున్నానో ఎందుకయ్యా?