రిపోర్టు కోసం పథ్యం

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఇదే. ఏళ్ల తరబడి నా ఒంటి కోసం కాకుండా రక్తపరీక్ష రిపోర్టు కోసం పథ్యం చేశాను.

షుగర్ బోర్డర్‌లో ఉందని మొదటిసారి తెలిసినప్పుడు నాకు 47 ఏళ్లు. ఇదే జబ్బుతో మా నాన్నకు కాలి వేలు తీసేశారు. ఆ పుండుకు రోజూ కట్టు కట్టింది నేనే. కాబట్టి తెలియక చేశానని చెప్పుకోలేను. భయపడ్డాను. ఆ భయంలో ఒక్కరోజులోనే అన్నీ మార్చేయాలనుకున్నాను. అన్నం పూర్తిగా మానేశాను, కాఫీ మానేశాను, చీకటితో లేచి ఒగరుస్తూ నడిచాను. బంధువుల ఇంట్లో పెళ్లి వచ్చి ఒక్కపూట పథ్యం తప్పింది. ఇక అంతా పోయినట్టే అనిపించి మొత్తం వదిలేశాను.

ఆ తర్వాత చేసింది ఇంకా ఘోరం. పరీక్ష దగ్గరపడితే వారం ముందునుంచి జొన్నరొట్టె, కీరదోస, రాత్రికి పల్చటి మజ్జిగ. పరగడుపు షుగర్ నూటికి అటూ ఇటూగా వచ్చేది. ఆ కాగితం నా భార్యకు చూపించి, ఆ మధ్యాహ్నమే మామిడికాయ పప్పులో నెయ్యి వేసుకుని మారు అన్నం పెట్టించుకునేవాణ్ణి. నేను లెక్కల మాస్టారిని. ఏడాదంతా పుస్తకం ముట్టకుండా పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివే పిల్లల్ని ఎంతగా మందలించానో! నేను చేసిందీ అదే.

కొత్త డాక్టరుగారు మూడు నెలల షుగర్ పరీక్ష రాశారు. హెచ్‌బీఏ1సీ అంటారు దాన్ని. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువుంటే ఆ కణంలోని హిమోగ్లోబిన్‌కు అంత ఎక్కువగా అంటుకుంటుంది. అందుకే రెండు మూడు నెలల సగటు అందులో కనబడుతుంది, వారం రోజుల పథ్యంతో అది మాయమవదు. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 గానీ అంతకు మించిగానీ ఉంటే మధుమేహం. నాకు 7.4 వచ్చింది. "మాస్టారూ, ఈ కాగితం మీ రోజువారీ తిండిని చెబుతుంది" అన్నారాయన. తల ఎత్తలేకపోయాను.

నా భార్య ఎప్పుడో చెప్పింది. "ఏమండీ, అన్నం మానొద్దు. ఒక గరిటె తగ్గించి, ఆ చోటులో కూర వేసుకోండి. రాత్రి తిన్నాక వీధి చివరిదాకా వెళ్లి వద్దాం." ఆ మాత్రానికే షుగర్ లొంగుతుందా అని కొట్టిపారేశాను. పెద్ద జబ్బుకు పెద్ద తపస్సే కావాలని నా మూర్ఖపు నమ్మకం. ఆమె మాట వినకపోవడమే నా అసలు తప్పు.

ఆమె చెప్పిన దారినే చెన్నై వైద్యులు పరీక్షించి చూశారని తర్వాత చదివాను. బోర్డర్‌లో ఉన్న 531 మందిని డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండి కాస్త సరిచేసుకుని, రోజూ అరగంట నడవమని చెప్పినవాళ్లలో అది 39 శాతమే. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవాళ్లకు దక్కిన మేలూ దాదాపు అంతే. ఆ 55 మందిలో చేరేవాణ్ణో, మిగిలిన 45 మందిలో ఉండేవాణ్ణో ఎవరూ చెప్పలేరు. కానీ తప్పించుకునే అవకాశాన్ని చేతులారా పోగొట్టుకున్నాను.

ఇప్పుడు మాత్ర వేసుకుంటూనే ఆమె చెప్పినట్టు చేస్తున్నాను. ముందు కాఫీ. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాములనుకున్నా 32 గ్రాముల పంచదార. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. ఒక్కసారిగా మానలేదు, అరచెంచా తగ్గించాను. నాలుకకు అలవాటయ్యాక మరో అరచెంచా. ఇప్పుడు రెండు చెంచాల కాఫీ ఎవరైనా ఇస్తే మొహం మొత్తుతోంది. మారు అన్నం అడగడం మానుకున్నాను. విస్తట్లో ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నంలోకి వెళుతున్నాను. అలా తింటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. రాత్రి భోజనం కాగానే ఇద్దరం పదిహేను నిమిషాలు నడుస్తాం. కదిలే కండరాలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి. పెళ్లి భోజనంలో బూరె తిన్నా, రాత్రి నడక మానను. ఒకపూట తప్పితే ఆ పూటే తప్పిందని అర్థం చేసుకోవడానికి నాకిన్నేళ్లు పట్టింది.

కిందటిసారి 6.6 వచ్చింది. ఈలోగా అరికాళ్లలో మొదలైన తిమ్మిరి మాత్రం పోలేదు. మా అబ్బాయికి ముప్పై దాటాయి. బరువు పెరిగాడు. జిమ్‌కు ఏడాది ఫీజు ఒకేసారి కట్టానని, అన్నం మానేశానని ఫోన్‌లో చెప్పాడు. నా పాత రిపోర్టులన్నీ తేదీలవారీగా వాడికి పంపాను, ఏ కాగితానికి ముందు ఎన్నాళ్లు పథ్యం చేశానో పక్కనే రాసి.