తుప్పు పట్టినంత మాత్రాన ట్యాంకి పారేస్తరా?

ఇయ్యాల్రేపు తుప్పు పట్టిన బండి ట్యాంకిని మెకానిక్ దగ్గరికి తీస్కపోతే మూత తీసి సుత చూడరు. "మార్చుడే కాకా, కొత్తది తెప్పిస్త" అంటరు. ఆ మాట వినంగనే నాకు కడుపు మండుతది. రేకు గట్టిగున్న ట్యాంకిని తుక్కు కింద ఎట్ల ఏస్తరు?

మా రోజుల్ల ధర్మపురిల రాజ్‌దూత్, ఎజ్డీ, బుల్లెట్ వేళ్ల మీద లెక్కబెట్టేటన్ని ఉండె. కొత్త ట్యాంకి కావాల్నంటే కరీంనగరం పోవాలె, అక్కడ దొరకకుంటే హైదరాబాద్. అందుకే ఉన్నదాన్నే కడిగేది. ముందుగల పెట్రోల్ వంపి, కాక్ ఊడదీసి, దాని జాలీ చూసేది. జాలీకి బెల్లం పాకం లెక్క గోధుమరంగు జిగురు పట్టి, పాత వార్నిష్ వాసన కొడితే పెట్రోల్ చెడిపోయినట్టు. నిల్వ పెట్రోల్‌ల పల్చటిదంత ఆవిరై పోతది, మిగిలింది గాలి తాకి జిగురైతది. అదే కార్బొరేటర్‌లకు దిగి పైలట్ జెట్టు మూస్తది. ఇగ ఎంత కిక్కు కొట్టినా బండి లేవది. తుప్పు కథ వేరే. నీళ్లు పెట్రోల్ కంటె బరువు గనక అడుక్కు దిగుతయి. కాక్ పక్కపొంటి, అతుకులల్ల ముందు ఎర్రబారేది అందుకే.

జిగురుకు థిన్నర్ పోసి రాత్రంత నానబెట్టేది. తుప్పుకు చింతపండు పులుసు, ఇత్తడి బిందెలు తోమేదే. దాంట్ల పాత నట్లు లెక్కబెట్టి ఏసి, ఇద్దరు చెరో దిక్కు పట్టుకొని ఊపేది. తీసేటప్పుడు మళ్ల లెక్కబెట్టాలె, ఒక్కటి తక్కువైనా ఊకోవద్దు. పక్కనే గోదారి ఉన్నా ఇసుక మాత్రం మా ఉస్తాదులు ఎయ్యనియ్యకపోయేటోళ్లు. అతుకుల ఇరికిన ఇసుక ఎంత కడిగినా రాదు. తర్వాత బట్టల సోడ నీళ్లు, ఆ మీద మంచినీళ్లు, వెంటనే ఎండల పెట్టుడు. తడి ట్యాంకిని నీడకు పెడితే కడిగిందంత మళ్ల తుప్పెక్కుతది. ఆరినంక కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి నలుదిక్కుల తిప్పేది. రాజ్‌దూత్‌కు, ఎజ్డీకి ఆయిల్ పెట్రోల్‌లనే కలిపి పోసేది గనక లోపల ఎప్పుడూ ఓ నూనె పొర ఉండె. ఆ పొరనే రేకును కాపాడింది.

ఇప్పుడు కడుగుతమన్నోళ్లు సుత బాత్రూం యాసిడ్ గుమ్మరిస్తున్నరు. అది తుప్పుతోని ఆగదు, రేకును తింటది. చిల్లు పడ్డంక వెల్డింగ్‌కు పరుగెత్తుతరు. ఖాళీ ట్యాంకిల నిలిచిన పెట్రోల్ ఆవిరి ఎంత ప్రమాదమో తెల్వదా? మా ఉస్తాదులు లోపలంత కడిగి, నిండ నీళ్లు పట్టనిదే మంట దగ్గరికి రానియ్యకపోయేటోళ్లు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దిక్కు బతుకుదెరువుకు పోయేటోళ్లే ఎక్కువ. పోరగాడు విమానమెక్కుతడు, బండి సగం పెట్రోల్‌తోని ఇంటెనుక పడి ఉంటది. రెండేండ్లకు సెలవు మీద వచ్చి చూస్తే అది లేవది. పైగ ఇప్పటి పెట్రోల్ మా నాటిది గాదు. 2025కల్ల దాంట్ల 20 శాతం దాక ఇథనాల్ కలుపుడు మొదలైంది. ఇథనాల్ గాలిల తేమను గుంజుతది. నీళ్లు మితిమీరితే రెండూ కలిసి అడుక్కు దిగుతయి. 2020 ఏప్రిల్‌ల బీఎస్ 6 వచ్చినంక శానా బండ్లకు కార్బొరేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది, పెట్రోల్ పంపు ట్యాంకిలనే కూసుంది. తుప్పు రవ్వ పడితే పంపుకూ ఇంజెక్టర్‌కూ దెబ్బే. అంటె మా కాలం కంటె ఇప్పుడే ట్యాంకిని ఎక్కువ చూస్కోవాలె. చూసేటోడే లేడు.

దుబాయి, మస్కట్ పోయే బిడ్డలారా, బ్యాగు సర్దేటప్పుడు బండిని సుత యాది చేస్కోండి. రెండు మూడు నెలలకైతే ట్యాంకి నిండ పోయించి పెట్టండి, గాలికి జాగ ఉండది. ఏండ్లకైతే పెట్రోల్ మొత్తం తీసి, లోపల ఆయిల్ తిప్పి, మూత గట్టిగ పెట్టండి. కార్బొరేటర్ బండైతే దాంట్ల పెట్రోల్ సుత వంపండి. ఇంజెక్టర్ బండైతే పంపు తియ్యకుండ ట్యాంకిల చింతపండు పులుసు గిట్ల పొయ్యకండి. మెకానిక్ మార్చుడే అంటె, ముందు మూత తీసి బ్యాటరీ లైటు ఏసి చూడమనుండ్రి.