బెండకాయకు ఇంటర్వ్యూ

ఆదివారం పొద్దున మెహిదీపట్నం రైతుబజార్‌లో బెండకాయలు కొనడమంటే పెళ్లిచూపులకు ఏమాత్రం తీసిపోదు. ఏ ఊరు? ఎప్పుడు కోశావు? నాటువా, హైబ్రిడా? మూసీ నీళ్లా, బోరు నీళ్లా? మందు కొట్టావా? ఇంతా చేసి కొనేది అరకిలో. అసలు నువ్వు రైతువేనా, కార్డు చూపించమన్న మహానుభావుణ్నీ చూశాను. 1999 జనవరి 26న ఈ బజార్లు పెట్టిందే దళారులు లేకుండా అమ్ముకోవడానికి. అందుకే రైతుకు ఫొటో ఉన్న కార్డు. దళారి ఫొటో దిగలేడని ఎవరికి తోచిందో!

ఇదే మహానుభావుడి గుమ్మంలోకి ఫోన్ నొక్కిన పది నిమిషాలకు బెండకాయలు వచ్చిపడతాయి. వాటిని ఒక్క మాటా అడగడు. కవరు మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది కదా, చాలు.

నేనూ తక్కువ తినలేదు. చేవెళ్ల వైపు నుంచి వచ్చే ఒకామెను మొన్న నిలదీశాను.

"మందు కొట్టావా అమ్మా?"

"కొట్టకుంటే పురుగు తింటది సారూ. పురుగు తిన్నది మీరు తినరాయె."

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించిందని నా పరిజ్ఞానం ప్రదర్శించాను. పత్తికి మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వదిలేశారు. పత్తిచేను పక్కనే బెండ మడి ఉంటే ఎటు వీచాలో గాలికి గెజిట్ చదివి వినిపించాలి కాబోలు.

"పోనీ, మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోస్తావు?"

ఇది మాత్రం అసలు ప్రశ్న. డబ్బా మీద ఆ లెక్క రాసి ఉంటుంది. ఆమె జవాబు చెప్పకుండా నా చేతివంక చూసింది. అప్పటికి ఏడో కాయ కొస విరుస్తున్నాను. టక్కుమంటే లేత, సంచిలోకి. వంగితే ముదురు, మళ్లీ కుప్పలోకి. బెండను రోజు విడిచి రోజు కోయాల్సిందే, ఆగితే నార పడుతుంది.

"వారం ఆగినంక అది మీకు ఇరుగుతదా సారూ?"

ధరల బోర్డు కేసి తిరిగి, చాలా శ్రద్ధగా దోసకాయ రేటు చదివాను. తూకం అయ్యాక కరివేపాకు కొసరమన్నాను. నాలుగు రెమ్మలు వేసింది. దానికి మందు కొట్టారా అని అడగలేదు. ఊరికే వచ్చింది కదా.