ఇల్లమ్ముకునేవాళ్లకు కొన్ని తిక్క సలహాలు

గాండ్లపెంటలోనో చుట్టుపక్కల పల్లెల్లోనో పాత ఇల్లు అమ్మాలనుకోగానే ముందు ట్రంకుపెట్టె దించుతారు. అందులో ఇంటిపన్ను రసీదులుంటాయి, కరెంటు బిల్లులుంటాయి. తాత కొన్నప్పటి పత్రం మాత్రం కనపడదు. అప్పుడు మధ్యవర్తి ధైర్యం చెప్తాడు: "దానికేముందన్నా! స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు రాసియ్యి. రేప్పొద్దున ఏ తగాదా వచ్చినా నేను చూసుకుంటా అని రాస్తే సరిపాయె."

నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. కదిరిలో ఇళ్ల బేరాలు చేసే ఎవరికి చూపించినా తిక్క సలహాలంటారు, కుదిరిన బేరం చెడగొట్టేవంటారు. ఇల్లు పోయి, డబ్బు ఖర్చయి, పదేళ్ల తర్వాత కోర్టు నోటీసు అందుకునే అవస్థ ఎవరికీ రాకూడదని చెప్తున్నాను.

మొదటిది: ధర చెప్పకముందే లోపం చెప్పండి. ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో) దొరికినప్పుడు చూసుకుందాంలే అనుకోవద్దు. "ఈ ఇంటికి 1990కి ముందరి పత్రం లేదు, మా దగ్గర ఉన్నవి ఇవీ" అని ఉన్నవాటి నకళ్లు చేతికివ్వండి. కొందరు వెనక్కి పోతారు, పోనీండి. మిగిలినవాళ్లు ధర తగ్గించమంటారు, తగ్గించండి. ఆ తగ్గింపు నష్టం కాదు, లేని కాగితం ఖరీదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని చెప్పడం అమ్మేవాడి బాధ్యత. చెప్పకుండా దాచడాన్ని ఆ చట్టం మోసం కిందనే లెక్కగడుతుంది. నోరు మూసుకోమని మధ్యవర్తి ఇచ్చే సలహాకు జవాబుదారీ ఆయన కాదు, మీరు.

రెండోది: బాండుకు పెట్టే ఖర్చు ముందు వెతకడానికి పెట్టండి. పత్రం పోవడం వేరు, పత్రం అసలు పుట్టకపోవడం వేరు. తాత రిజిస్టరు చేయించి ఉంటే అసలు పోయినా నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి ఎవరైనా సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు, అసలులో ఏముందో రుజువు చేయడానికి అది కోర్టులో చెల్లుతుంది. కంప్యూటరు ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందరిదైతే ఆఫీసులో పాత సూచికలు వెతికించాలి. పక్కింటివాళ్ల దస్తావేజుల్లో చెక్కుబందీలు చూడండి. మీ తాత పేరు వాళ్ల తూర్పు హద్దులోనో దక్షిణపు హద్దులోనో రాసి ఉండొచ్చు. దాన్నిబట్టి ఏ ఏడాదికల్లా ఇల్లు ఆయన చేతిలో ఉందో అంచనా దొరుకుతుంది. కాపీ చేతికొచ్చాక పోలీస్ స్టేషన్లో అసలు పోయినట్టు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన. ఇంత శ్రమ ఎందుకంటారా? కొనేవాడు బ్యాంకు లోనుకు పోతే బ్యాంకు ప్యానెల్ లాయరు అడిగేది లింకు డాక్యుమెంట్లే, అంటే ఇల్లు చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులే. మీ బాండు చూసి ఆయన తృప్తిపడడు.

పత్రం అసలు పుట్టని ఇళ్లు మన పల్లెల్లో లెక్కలేనన్ని. ఊళ్లో ఇళ్లున్న స్థలమైన గ్రామకంఠం అంతటికీ కలిపి ఒకే సర్వే నెంబరు వేసి వదిలేశారు, ఇంటింటికీ విడిగా రెవెన్యూ లెక్క రాయలేదు. పన్ను రసీదు మీరు అనుభవంలో ఉన్నారని చూపిస్తుంది, హక్కుపత్రం మాత్రం కాదు. ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టింది, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. మీ ఊరి వంతు దగ్గర్లో ఉందని పంచాయతీలో చెప్తే ఆగండి. అడ్వాన్సు చేయి జారిపోతుందని మధ్యవర్తి తొందరపెడతాడు, అయినా ఆగండి. తాత తెల్లకాగితం మీద కొనుంటే, అప్పుడు అమ్మినవాళ్ల పిల్లల్ని వెతికి వాళ్లచేత ఇప్పుడు రిజిస్టరు చేయించుకోండి. బెంగళూరులో పనులకు పోయి ఉన్నా వెళ్లి అడగండి. వాళ్లకు చార్జీలిచ్చి, భోజనం పెట్టి, కొంత డబ్బిచ్చి పిలిపించుకున్నా మంచిదే.

అక్కచెల్లెళ్ల సంగతి అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. బాండ్లలో ఎక్కువభాగం వాళ్ల సంతకం తప్పించుకోవడానికే రాస్తారు. "పెండ్లి చేసి పంపినాం, పెద్దమనుషులు అన్నదమ్ములకు పంచినారు, ఆయమ్మకేం సంబంధం" అంటారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోతే 1956 నుంచీ కూతురూ కొడుకూ సమానమే. పిత్రార్జితంలో మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకు హక్కిచ్చింది. 2005 సవరణ పెళ్లయినవాళ్లనూ కలుపుకుంది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, ఆ సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు, కోర్టు డిక్రీతో అయిన పంపకాలు నిలుస్తాయి. నోటిమాట పంపకాన్ని మాత్రం, ప్రభుత్వ రికార్డుల బలం ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప, ఒప్పుకోనవసరం లేదని కోర్టు అంది. అంటే రచ్చబండ మీద జరిగిన పంపకాన్ని బాండు కాపాడదు. కుటుంబసభ్యుల సర్టిఫికెట్ తీసుకుని, అక్కకు ఫోన్ చేసి, వాటా ఇంతని చెప్పి, ఇచ్చి, రిజిస్ట్రార్ ముందు ఆమెచేత సంతకం పెట్టించండి. బేరం కుదిరాక కాదు, కుదరకముందే.

ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా స్థలమైతే బాండు జోలికే పోవద్దు. 1977 అసైన్డ్ భూముల చట్టం అలాంటి స్థలాల బదిలీని నిషేధించింది. ఇంటిస్థలాలకు తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి, మీ పట్టాకు వర్తిస్తాయో లేదో తహసీల్దారు ఆఫీసులో అడగండి. సర్వే నెంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఎ జాబితాలో ఉందేమో చూడండి. చట్టం వద్దన్న అమ్మకానికి హామీ రాసినా ఆ హామీకే విలువ ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా కొనేవాడు హామీ అడిగితే ఇవ్వండి, హద్దు పెట్టి ఇవ్వండి. డాక్యుమెంట్ రైటర్లు వాడే వాక్యం ఒకటుంది: ఎవరి వల్ల ఏ తగాదా వచ్చినా నా సొంత ఖర్చుతో పరిష్కరించి, నష్టమంతా నేనూ నా వారసులూ భరించగలవారము. దీన్ని కొట్టేయించండి. ఏ కాగితం లేదో, దానివల్ల ఏ చిక్కు వస్తే, ఎంత మొత్తం వరకు, ఎన్నేళ్లపాటు మీ బాధ్యతో విడిగా రాయించండి. ఊరికే వదిలేసినా మీ హక్కు మంచిదేనన్న హామీని చట్టమే దస్తావేజులోకి చదువుకుంటుంది, కాబట్టి చెప్పిన లోపాన్ని అందులో పేరుపెట్టి మినహాయించాలి. మీ తర్వాత ఆ బాధ్యత మీరు వదిలివెళ్లిన ఆస్తి మేరకు పిల్లల మీద పడుతుంది. కొనేవాడి వైపు నుంచి చూసినా అంతే: బాండుకున్న విలువ రాసిచ్చినవాడి జేబుకున్నంతే.

లండన్ దగ్గరో బర్మింగ్‌హామ్‌లోనో ఇల్లమ్ముతున్న మనవాళ్లకూ ఇదే చెప్తాను. అక్కడ కిటికీలు మార్చినప్పటి ఫెన్సా సర్టిఫికెట్టో, గది పెంచినప్పటి బిల్డింగ్ రెగ్యులేషన్స్ కాగితమో లేకపోతే సొలిసిటర్లు ఇండెమ్నిటీ పాలసీ తీసుకోమంటారు. ఒకేసారి ప్రీమియం, సాధారణంగా అమ్మేవాడే కడతాడు, కొనేవాడికీ అప్పిచ్చిన సంస్థకూ రక్షణ. షరతు ఏమిటంటే స్థానిక కౌన్సిల్‌ను ఆ సంగతి అడగకూడదు, అడిగితే పాలసీ దొరకదు. అది కౌన్సిల్ చర్య వల్ల వచ్చే నష్టానికి డబ్బిస్తుంది. సరిగా కట్టని గోడను బాగుచేయదు. అందుకే ప్రీమియం కట్టకముందే కౌన్సిల్‌ను అడగండి. కట్టడాన్ని పరీక్షించి తర్వాతైనా సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అక్కడుంది. నెల ఆలస్యమైనా ఆ గదిలో పడుకోబోయే పిల్లల కోసం అడగాలి.

మన దగ్గర పల్లె ఇంటికి అలాంటి పాలసీ అమ్మేవాళ్లు దొరకరు. 2016 రెరా చట్టంలో టైటిల్ ఇన్సూరెన్స్ మాట ఉన్నది బిల్డర్ల కోసం. హక్కుకు ప్రభుత్వమే హామీగా ఉండాలన్న ఆలోచనతో మన రాష్ట్రం తెచ్చిన భూహక్కు చట్టం 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయింది. కాబట్టి మీ ఇంటి హక్కుకు గట్టి సాక్ష్యం మీరు సమకూర్చే కాగితాలే.

రిజిస్ట్రేషన్ రోజు ఒక తెల్లకాగితం తీసుకుపోండి. ఇచ్చిన పత్రాలన్నీ వరసగా, అసలు ఏది, కాపీ ఏది, లేనిది ఏది అని రాసి, కొనేవాళ్లచేత సంతకం పెట్టించుకోండి. ఒక ప్రతి వాళ్లకు, ఒకటి మీకు. అక్కచెల్లెళ్లకు తలా ఒక జిరాక్స్ పంపండి.